కత్తి మొనంత పొడి

బ్రిజే వెర్దియేర్,
21 ఏప్రిల్ 1968, ఆదివారం

చిరంజీవి పార్వతీదేవికి మీ నాన్న జగ్గయ్య వేయి దీవెనలతో రాసేది.

సింహాద్రి అప్పన్న చల్లని చూపుతో ఇక్కడ నేనూ మీ అమ్మా లేచి తిరుగుతున్నాం. అక్కడ నీ ఒంట్లోనూ, నీ నర్సు చదువులోనూ ఏ లోటూ లేదని తలుస్తున్నాను.

నీ ఉత్తరం ఫిబ్రవరి ఆఖర్న అందింది. ఏడు వారాలైనా జవాబు రాయలేదు. మధ్యలో నేనిచ్చిన తంతి అంది ఉంటుంది. "మేము క్షేమం. నువ్వు అద్దెకుండే ఇంటావిడకు ఏ మందూ ఇవ్వవద్దు. ఉత్తరం రాస్తాను" అని ఇచ్చాను. పోస్టాఫీసు మెట్లు దిగాక గాని తట్టలేదు, అలాంటి తంతి చూస్తే మనిషికి కంగారు తగ్గదు, పెరుగుతుందని. క్షమించు తల్లీ. నాలుగుసార్లు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇంట్లో మాట్లాడుకునే క్రెయోల్‌లో అయితే ఎప్పుడో రాసేసేవాణ్ణి. కానీ నువ్వు విమానం ఎక్కేటప్పుడు మనం తెలుగులోనే రాసుకోవాలని ఒట్టు పెట్టుకున్నాం. తెలుగులో రాయాలంటే నేను ప్రతి మాటా వెతుక్కోవాలి. వెతుక్కుంటుంటే తప్పించుకోవడం కుదరడంలేదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు.

మన దీవికి స్వతంత్రం వచ్చే రోజున రాజధాని పోర్ట్ లూయీ వెళ్తారా, జెండా ఎక్కించడం చూస్తారా అని అడిగావు. ఊళ్ళో సగం మంది వెళ్ళారు. తెల్లారకుండానే బస్సులు నిండిపోయాయి. మేం వెళ్ళలేదు. ఎందుకో కింద రాస్తాను. మన బడిలో కూడా జెండా ఎగరేశారు. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, నాలుగు రంగులూ వరసగా ఉంటాయి. బాగుంది. మీ అమ్మకు పసుపు పట్టీ ఇంకాస్త వెడల్పుగా ఉంటే బాగుండుననిపించిందట.

మన ఊరి సావిడి, బైట్కాలో సాయంత్రం తెలుగు తరగతి ఎలా సాగుతోందని అడిగావు. సాగుతోంది. పద్దెనిమిది మంది వస్తున్నారు. ఇప్పుడు చెబుతున్నది నేను కాదు, రంగయ్య. అదీ కింద రాస్తాను.

నీ పాఠం గురించి రాసిందంతా రెండుసార్లు చదివాను. కొండ ప్రాంతాల్లో నీళ్ళలో అయొడిన్ లేక మెడ గుమ్మడికాయలా వాచిన ముసలమ్మ ఫొటో చూపించారనీ, మనిషి బతికినన్నాళ్ళూ తినే అయొడినంతా కలిపినా ఒక చెంచాడుండదని మీ టీచరమ్మ చెప్పిందనీ రాశావు. "నాన్నా, ఇంత చిన్న నలుసు లేక ఇంత మనిషి చెడిపోతుందా అని ఆశ్చర్యమేసింది" అన్నావు. నేను ఆశ్చర్యపోలేదు. నాకు అప్పటికే ఆ పిచ్చి పట్టి తొమ్మిది నెలలైంది.

నువ్వు వెళ్ళిన ఏడాదికి చెరకు తూకం పాక నుంచి నన్ను ఎస్టేటు లాబొరేటరీకి మార్చారు కదా. అక్కడ నేనేం చేస్తానో నీకెప్పుడూ సరిగ్గా రాయలేదు. పొద్దున్నే మంచు ఆరకముందు తోటలోకి వెళ్ళి, చెరకు పైనుంచి మూడో ఆకు కోస్తాను. మధ్య ముక్క మాత్రం ఉంచి, ఈనె తీసేసి, పొయ్యిలో ఎండబెట్టి పొడి చేస్తాను. మిషెలిన్ అని ఒక క్రెయోల్ ఆవిడ ఆ పొడిని బూడిద చేసి, అందులో ఏది ఎంత ఉందో తేలుస్తుంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. చెయ్యి వణకదు. మట్టికి ఏం లోపించిందో మట్టిని అడగక్కర్లేదు, ఆకును అడిగితే చాలంటుంది.

కిందటేడు మే నెలలో, మెట్ట మీద ఎర్రరాళ్ళ తోటలో చెరకు వింతగా పెరిగింది. చివరాకులు విచ్చుకోలేక ఒకదానికొకటి ముడిపడి, వంకర తిరిగి ఉన్నాయి. వెలుగుకు పట్టి చూస్తే ఆకులో నీటి చారల్లాంటి మచ్చలు. మిషెలిన్ చూసి "బోరాన్ లేదు" అంది. బోరాన్ అంటే బోరాక్స్‌లో ఉండే సత్తువ. బట్టల సబ్బులో, చీమల మందులో వేస్తారే, ఆ బోరాక్స్. అది ఆకులో పది లక్షల పాళ్ళకు నాలుగైదు పాళ్ళుంటే చాలట. అంతకు తగ్గితే మొక్క ముడుచుకుపోతుంది.

మా మిస్యే, అంటే లాబొరేటరీ దొర, ఆ తోటను మూడు పట్టీలు చేయించాడు. ఒకదానికి ఏమీ లేదు. రెండోదానికి కొంచెం బోరాక్స్ నీళ్ళు. మూడోదానికి దానికి నాలుగింతలు. అయిదు వారాలకు రెండో పట్టీలో కొత్తాకులు చక్కగా విచ్చుకుని, కత్తుల్లా నిలబడ్డాయి. పార్వతీ, నేను ఆ చెరకు మధ్య నిలబడి ఏం చూశానో తెలుసా? మీ అమ్మ వేళ్ళు.

అమ్మ చేతులెలా ఉండేవో నీకు తెలుసు. నువ్వు వెళ్ళాక ఇంకా ముదిరాయి. కణుపులు ఉబ్బి, చిటికెన వేలూ ఉంగరం వేలూ అరచేతిలోకి వంగిపోయాయి. జడ వేసుకోలేదు. బియ్యం కడిగితే గిన్నె జారిపోయేది. రామభజనంలో దీపం చుట్టూ తిరుగుతూ తాళాలు వాయించడంలో ఈ ఊళ్ళో ఆవిడను మించినవాళ్ళు లేరు కదా. తాళాలు వస్త్రంలో చుట్టి పెట్టెలో పెట్టేసింది. నాకు చెప్పకుండా పెట్టింది.

ఒకరోజు భోజనాల వేళ మిస్యే, అరుగు మీద కూర్చుని ఎవరితోనూ కాదన్నట్టు ఒక మాటన్నాడు. "ఈ దీవి మట్టిలో లేనిది చెరకులో ఉండదు. కూరలోనూ ఉండదు. మరి ఆ కూర తినేవాళ్ళలో ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇక్కడ ఇంతమందికి కీళ్ళు ఎందుకు పట్టేస్తాయంటారు?" అంతే. మూత తీసి చారు తాగాడు. ఆయన ఆ మాట మరిచిపోయాడు. నేను మరవలేదు.

నువ్వు పుట్టాక మీ అమ్మ పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడేది. డిస్పెన్సరీలో ఇనుము మాత్రలిచ్చారు. రెండు నెలల్లో చెంపలకు రంగొచ్చింది. ఇనుము మందైనప్పుడు, అయొడిన్ మందైనప్పుడు, ఇది మాత్రం ఎందుకు కాకూడదు? ఇలా నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. నాకెదురు ప్రశ్న వేసే విద్యార్థి లేడు.

లాబొరేటరీ బీరువా తాళంచెవి నా దగ్గరే ఉండేది. చిన్న డబ్బాలో బోరాక్స్ తెచ్చాను. రోజూ పొద్దున్నే నిమ్మకాయ నీళ్ళలో కత్తి మొన మీద నిలిచేంత పొడి కలిపి మీ అమ్మకు ఇచ్చాను. ఇదేంటని అడిగితే, "మట్టిలో సత్తువ" అన్నాను. ఆవిడ గుటుక్కున తాగి గ్లాసు తిరిగిచ్చేది. నేను కదిలేవాణ్ణి కాదు. "ఎలా ఉంది?" అనేవాణ్ణి. మొదటి నెల "అలాగే ఉంది" అంది. రెండో నెల "కాస్త వదులైనట్టుంది" అంది. మూడో నెల "తగ్గిందయ్యా" అంది.

కార్తీకమాసం భజనలో పెట్టె తెరిచి తాళాలు పట్టుకుంది. ఒక పాటంతా వాయించింది. నేను మద్దెల దగ్గర కూర్చుని ఏడ్చాను, సిగ్గు లేకుండా. ఆ వారమే నీకు రాశాను, అమ్మకు తగ్గింది, మంచి మందు దొరికిందని.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. "నాన్నా, ఆ మందు పేరేంటి? నేనుండే ఇంటావిడకు కూడా అమ్మ లాంటి చేతులే. సూది పట్టుకోలేక ఏడుస్తుంది. ఇక్కడి మందుల షాపులో దొరికితే కొనిస్తాను, ఎంత వెయ్యాలో రాయి" అన్నావు. ఆ ఉత్తరం చదివి పొంగిపోయాను. పేరూ, కొలతా కాగితం మీద రాసేశాను కూడా. బిళ్ళ అంటించి పోస్టులో వెయ్యడమే మిగిలింది. ఆ సోమవారమే, మార్చి నాలుగో తేదీన, వెంకమ్మత్తను ఆసుపత్రిలో చేర్చారు.

పక్కింటి వెంకమ్మ అంటే మీ అమ్మకు సొంత వదిన కన్నా ఎక్కువ. నీకు తలంటు పోసింది, నీ మొదటి పుస్తకానికి అట్ట వేసింది ఆవిడే. కార్తీకమాసంలో మీ అమ్మ తాళాలు వాయించడం చూసి, మర్నాడే దడి దగ్గరకొచ్చింది. "అన్నయ్యా, నా మోకాళ్ళకు కూడా ఆ పొడి ఇవ్వవూ" అంది. ఇచ్చాను. కత్తి మొనంతే వెయ్యమన్నాను. ఇంకో మాట కూడా అన్నాను. "లాబొరేటరీ పొడి అని ఎవరికీ చెప్పకమ్మా, నా ఉద్యోగం పోతుంది. మీ ఆయన సుబ్బయ్యకు కూడా చెప్పకు." సరేనంది. అయిపోతే మళ్ళీ అడిగింది. మళ్ళీ ఇచ్చాను. ఇంత తొందరగా ఎందుకైపోతోందని నేను అడగలేదు.

జనవరిలో ఆవిడ జుట్టు రాలడం మొదలైంది. ఎంత జుట్టో నీకు గుర్తుండే ఉంటుంది, రెండుసార్లు చుడితే గాని ముడి నిలిచేది కాదు. దువ్వెనకు పిడికెళ్ళు వచ్చేవి. ఫిబ్రవరిలో ఏం తిన్నా వాంతులు. అరచేతులూ, అరికాళ్ళూ ఎర్రగా కందిపోయి, పొరలుగా ఊడాయి. సుబ్బయ్య మామ, నేను కలిసి బస్సులో ఒళ్ళో పడుకోబెట్టుకుని తీసుకెళ్ళాం. ముప్పై ఏళ్ళు చెరకు మోపులు మోసిన మనిషి, పిల్లలా తేలికైపోయింది.

ఇక్కడి దాకా రాసి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఇప్పుడు రాయబోయేది మీ అమ్మకు తప్ప, ఆ తరవాత ఊరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పకపోతే చెప్పినట్టు కాదు.

డాక్టరు చిన్నవాడు, మర్యాదస్థుడు. మా ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగాడు. "ఈవిడ ఏమైనా నాటు మందు తిందా? ఏదైనా పొడి? ఎలుకల మందు పొరపాటున కలిసిందా?" సుబ్బయ్య మామ "లేదు సార్, మా ఇంట్లో అలాంటివి లేవు" అన్నాడు. అని నా వంక చూశాడు, చదువుకున్నవాణ్ణి కదా, ఇంకేమైనా చెబుతానేమోనని. డాక్టరు కూడా చూశాడు.

నేను తల అడ్డంగా ఊపాను.

నాకు తెలియక కాదు తల్లీ. మూడో పట్టీ చెరకు నేనే కోశాను. నాలుగింతలు వేసిన చోట ఆకుల అంచులు మాడిపోయి, మొక్క మొక్కంతా చచ్చుబడింది. "దీనికి చాలినంతకీ విషానికీ మధ్య వేలెడు సందు కూడా లేదు జగ్గయ్యా" అని మిషెలిన్ నాతోనే అంది. వెంకమ్మ అరచేతులు చూడగానే ఆ ఆకులు గుర్తుకొచ్చాయి. గుర్తుకొచ్చాకే తల ఊపాను.

మొదటి రోజు, రేపటికి తేరుకుంటుందిలే అనుకున్నాను. రెండో రోజు, ఇప్పుడు చెబితే నిన్న ఎందుకు చెప్పలేదంటారు అనుకున్నాను. మూడో రోజు నుంచి నాకు నేను చెప్పుకోవడం కూడా మానేశాను. రక్తం తీశారు, ఎక్స్‌రే తీశారు, గర్భసంచి చూశారు, ఆఖరికి అంటువ్యాధేమోనని వేరే గదిలో పెట్టారు. సుబ్బయ్య మామ రోజూ పని మానేసి ఆ గది కిటికీ దగ్గర నిలబడేవాడు. సాయంత్రం నేను వెళ్ళి ఆయనకు ధైర్యం చెప్పేవాణ్ణి. ధైర్యం! బైట్కాలో పిల్లలకు "అబద్ధమాడరాదు" అని పలక మీద రాయించి, అటు నుంచటే వెళ్ళి చెప్పేవాణ్ణి.

పదకొండో తేదీ మీ అమ్మ చూడ్డానికి వెళ్ళింది. కిటికీ సందులోంచి వెంకమ్మ ఆవిడతో రహస్యంగా అందట, "నీకు మూడు నెలలకే తగ్గిందే వదినా. నాకెందుకు తగ్గదని నేను చెంచా పెంచుకుంటూ పోయాను. రోజుకు రెండు చెంచాలు వేసుకున్నా తగ్గలేదు. నాదేదో పాపిష్టి ఒళ్ళు."

మర్నాడు స్వతంత్రం. పొద్దున బడి దగ్గర జెండా ఎక్కించాక ఇంటికొచ్చేసరికి, మీ అమ్మ వంటింటి గడపలో కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. రెండు చేతులూ ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

"నీకొకటి చెప్పాలయ్యా. నాకు తగ్గలేదు."

"మళ్ళీ ఎక్కువైందా?"

"మళ్ళీ కాదు." ఈ ఒక్క మాట ఆవిడ అన్నట్టే క్రెయోల్‌లో రాస్తున్నాను, "జామే." అంటే ఎప్పుడూ లేదని. "ఒక్క రోజు కూడా తగ్గలేదు. జామే, జామే."

"మరి తాళాలు?"

"పళ్ళు బిగబట్టి వాయించాను. ఇంటికొచ్చి ఆ రాత్రంతా చేతులు వేణ్ణీళ్ళలో పెట్టుకున్నాను. నువ్వు నిద్రపోయావు."

"నాకెందుకు అబద్ధం చెప్పావే?"

"రోజూ పొద్దున్నే గ్లాసు పట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడితే ఏం చెప్పమంటావు? ముప్పై ఏళ్ళలో నువ్వలా నా మొహంలోకి ఎప్పుడు చూశావు? తగ్గలేదంటే నీ మొహం చిన్నబోయేది. నా వేళ్ళ నొప్పి నాకలవాటే. నీ మొహం చిన్నబోవడం నాకలవాటు లేదు." అని, గడప మీంచి లేచి, "నా అబద్ధం తాగి వెంకమ్మ మంచాన పడింది. నువ్వు వెళ్ళి చెబుతావా, నన్ను వెళ్ళి చెప్పమంటావా?" అంది.

ఇద్దరం వెళ్ళాం. బస్సులన్నీ పోర్ట్ లూయీ వైపు పోయాయి. ఎండలో నడిచి, నడిచి, ఒక లారీ వాడు ఎక్కించుకుంటే చేరాం. ఆసుపత్రి వరండాలో రేడియో పెట్టారు, బ్యాండు మోగుతోంది, జనం చప్పట్లు కొడుతున్నారు. డాక్టరు రేడియో పక్కనే నిలబడి ఉన్నాడు. నేను డబ్బా ఆయన చేతిలో పెట్టి, ఎనిమిది రోజుల కిందట చెప్పాల్సింది చెప్పాను. ఆయన తిట్టలేదు. డబ్బా మీద చీటీ చదివాడు. "ఎంత? ఎన్నాళ్ళు?" అని మాత్రం అడిగాడు. చెబుతుండగానే నర్సును పిలుచుకుంటూ లోపలికి పరిగెత్తాడు. నేను చెప్పి ఉంటే మొదటి రోజే అలా పరిగెత్తేవాడు కదా.

వెంకమ్మ బతికింది. నరానికి సీసా కట్టి, మూత్రపిండాలు కడిగేలా నీళ్ళెక్కించారు. పదిహేను రోజులకు ఇంటికొచ్చింది. నీరసం ఇంకా ఉంది. తలంతా బోసిపోయింది, ఇప్పుడిప్పుడే నూగు మొలుస్తోంది. ముత్తైదువకు తల బోడి అయితే దారిన పోయేవాళ్ళు ఎలా చూస్తారో నీకు చెప్పక్కర్లేదు. చీర కొంగు నుదుటి దాకా లాక్కుని తిరుగుతుంది.

ఆవిణ్ణి ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ని అడిగాను, ఆ బోరాన్ మనిషికి అక్కర్లేదా అని. నిజంగానే తెలుసుకోవాలనిపించింది. "ఇనుము సంగతి తెలుసు, అయొడిన్ సంగతి తెలుసు. దీని సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. రేపు తెలియొచ్చు. ఒకవేళ కావలసి వచ్చినా, కావలసింది నలుసులో నలుసు. అది పప్పుల్లో, ఆకుకూరల్లో, పళ్ళలో దేవుడు కొలిచి పెట్టిందే చాలు. మీరు కొలవకండి" అన్నాడు. మీ అమ్మ వేళ్ళు కూడా చూశాడు. అది కీళ్ళవాతం, నయం కాదు, నొప్పికి ఆస్పిరిన్, పొద్దున వేణ్ణీళ్ళు, వేళ్ళను రోజూ కదిలించడం అని చెప్పాడు. మా ఇంట్లో ఇప్పుడు మునగాకు, పెసలు ఎక్కువగా వండుతున్నాం. మందని కాదు, ఇష్టంగానే.

మిస్యేకు కూడా చెప్పాను. రాస్తున్న కలం పక్కన పెట్టాడు. తరవాత, "నేనన్నది ఒక ప్రశ్న జగ్గయ్యా. నువ్వు దాన్ని జవాబనుకున్నావు" అన్నాడు. ఉద్యోగం తియ్యలేదు. మళ్ళీ తూకం పాకకు పంపాడు. మిషెలిన్ రెండు వారాలు నాతో మాట్లాడలేదు. మొన్న పాక ముందు నుంచి పోతూ ఆగి, మీ అమ్మ చేతులెలా ఉన్నాయని అడిగింది.

నేనిచ్చిన పొట్లాలు అప్పటికి ఇంకో రెండిళ్ళలో ఉన్నాయి. ఉగాది నాడు భజనకు అందరూ కూడినప్పుడు, పంచాంగం చదివాక లేచి నిలబడి అంతా చెప్పాను. తల ఊపిన సంగతి కూడా చెప్పాను. ఎవరూ కేకలెయ్యలేదు. కేకలేస్తే బాగుండేది. ఊరి పెద్ద చిన్నయ్య, "కొన్నాళ్ళు పిల్లలకు రంగయ్య చెబుతాడులే మేష్టారూ" అని మెల్లగా అన్నాడు. తన పొట్లం విప్పనే లేదని మర్నాడు తెచ్చిచ్చాడు. రెండో ఇంటి రంగమ్మ మాత్రం ఇవ్వనంది! "నాకు నడుం నొప్పి తగ్గింది, నువ్వెవడివి వెనక్కి తీసుకోడానికి" అని దెబ్బలాడింది. మూడుసార్లు వెళ్ళి, ఆఖరికి మీ అమ్మను తీసుకెళితే గాని ఇవ్వలేదు. ఆవిడకు నిజంగా తగ్గిందో, మరేదో, నేనిక అడగలేదు. తెలుసుకునే విద్య నా దగ్గర లేదు.

సుబ్బయ్య మామ నాతో మాట్లాడడు. దడి దగ్గర ఎదురైతే లోపలికి వెళ్ళిపోతాడు. అది ఆయన న్యాయం. వెంకమ్మ మాట్లాడుతుంది. ఇంటికొచ్చిన వారానికి మీ అమ్మ కాచిన గంజి తీసుకుని వెళ్ళాను. పడకలో లేచి కూర్చుని, కొంగు తీసి బోడి తల నాకు చూపించింది.

"నీ మీద కోపం పొడి ఇచ్చినందుకు కాదన్నయ్యా. నేనడిగాను, నువ్వు ఇచ్చావు. నువ్వు చెప్పొద్దన్నావని, ఆ గదిలో చస్తున్నా నేను నోరు విప్పలేదు. నిన్నెవరు చెప్పొద్దన్నారని నువ్వు నోరు మూసుకున్నావు?"

గంజి గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఆవిడే చెయ్యి చాచి గిన్నె అందుకుని, "కూర్చో, చల్లారిపోతుంది" అంది.

నువ్వు నర్సువి కాబోతున్నావు. నా గురించి ఏమనుకున్నా నీకు ఆ హక్కుంది. వెంకమ్మ అడిగినదానికి జవాబు దొరికితే నువ్వు రాయి. మీ ఇంటావిడకు నా తరఫున చెప్పు, మీ నాన్న దగ్గర మందు లేదని, తెలిసిన డాక్టరుకు చూపించుకోమని.

ఇది రాస్తుండగా మీ అమ్మ పక్కన వచ్చి కూర్చుంది. ఇప్పుడు పొద్దున్నే నేనడగకుండానే చెబుతోంది, ఇవాళ బాగా నొప్పిగా ఉందనో, ఇవాళ కాస్త నయమనో. జడ నేనే వేస్తున్నాను. వంకరగా వస్తోంది. తన మాట కూడా ఒకటి కలపమంటోంది. క్రెయోల్‌లో చెబుతోంది, నేను తెలుగు చేస్తున్నాను. "పార్వతీ, మూడేళ్ళలో ఇరవై ఆరు ఉత్తరాలు రాశావు. ఒక్కదాంట్లో కూడా చలి అని రాయలేదు. ఒంటరిగా ఉందని రాయలేదు. ఆ దేశంలో ఎవరైనా ఒక మాట అన్నారని రాయలేదు. నువ్వు నా కూతురివి, నాకు తెలుసు. ఈసారి నిజం రాయి. మేం చిన్నబోతే చిన్నబోతాం."

ఇట్లు
నీ నిజం కోసం ఎదురుచూసే
నాన్న
జగ్గయ్య